దేహమందలి నీరటికాడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పెద్దలకు నీరటికాని పని తెలియనిది కాదు. చెఱువులో నీరెంత యున్నదో చూచి, తూము ఎంత తెఱవవలెనో, ఎప్పుడు మూయవలెనో యతడు నిర్ణయించును. మన దేహమునందును అట్టివాడు కలడు. వానిజాడ పండితులు కనుగొన్న చరిత్రమును నేడు విన్నవించెదను.

మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల నీటిని రక్తమునుండి వడగట్టును. వెలికి పోవునది ఇంచుమించు ఒకటిన్నర లీటరు. తక్కినది మరల రక్తమునే చేరును. ఎంత నిలుపవలె ననునది మూత్రపిండముల స్వేచ్ఛ మాత్రమే కాదు. అందుకు దూరమునుండి ఆజ్ఞలు వచ్చును.

1898లో స్టాక్‌హోము నగరమున టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనువారు కుందేటి మూత్రపిండపు సారమును మఱియొక కుందేటి రక్తములోని కెక్కింపగా రక్తపుపోటు హెచ్చెను. ఆ పదార్థమునకు రెనిన్ అని పేరిడిరి. రక్తముద్వారా వార్తలు మోయు రసములకు 1905లో స్టార్లింగ్ హార్మోనులని నామకరణము చేసెను. 1913లో ఇటలీయందు ఫరీనీ, జర్మనీయందు ఫాన్ డెన్ వెల్డెన్, అతిమూత్ర రోగులకు పీయూషగ్రంథి సారము నీయగా మూత్రము తగ్గెను. రక్తము చిక్కబడినచో మెదడు దానిని పసిగట్టి యా రసమును విడిపించునని 1947లో వెర్నీ వివరించెను. నీటిని నిలుపు ఆ రసమే వాసోప్రెసిన్. ఉప్పును నిలుపు ఆల్డోస్టెరోన్ 1953లో బయలుపడెను. రక్తపుపోటు తగ్గినపుడు రెనిన్ ప్రేరణచే నది పుట్టును. ఇక తూము తెఱువుమని గుండెయే పంపు వార్తను 1981లో డి బోల్డ్ కనుగొనెను.

ఒక విశేషము. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. ఆ దినముననే స్టాక్‌హోమున డు విగ్నోకు నోబెల్ బహుమాన మొసగబడెను. ఆక్సిటోసిన్ అను హార్మోనును, దాని తోబుట్టువగు వాసోప్రెసిన్‌ను ప్రయోగశాలయందు నిర్మించిన ఘను డాయన. సాగరపు నీరు 1967లో కాలువలకు విడువబడెను. నేడు ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ పొలములు పారుచున్నవి. సాగరము కడ గేటు కదలిన ఇచ్చట మడి తడియును. పీయూషగ్రంథికిని మూత్రపిండమునకును గల సంబంధ మిట్టిదే.

ఈ చరిత్ర ముసలివారికేల యందురా? అరువది దాటిన పిమ్మట ఒక వేసవిలో, దాహము వేయలేదు గదా యని నీరు త్రాగక, మధ్యాహ్నమున తల తిరిగి నేను అరుగుపై కూలబడితిని. వయసు మీరినకొలది దాహము మందగించును; హార్మోను ఆజ్ఞను మూత్రపిండములు మునుపటివలె పాటింపజాలవు. కావున ఎండకాలమున దాహమునకై వేచియుండక, వేళకు వేళకు నీరో మజ్జిగయో పుచ్చుకొనవలెను. గుండెజబ్బు, మూత్రపిండవ్యాధి గలవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను.

నీరటికాడు తూము మూసి ఉన్న నీటిని నిలుపగలడే కాని, లేని నీటిని తేజాలడు. చెఱువు నింపు భారము మనదే.