బేతాళుడి ఊరు తెనాలి

చందమామ చదివి పెరిగిన తెలుగువాళ్లకు భుజాన శవంతో శ్మశానం కేసి నడిచే విక్రమార్కుణ్ణి పరిచయం చెయ్యక్కర్లేదు. ఆ పత్రిక వెనక తెనాలి ఎంతగా ఉందో మాత్రం చెప్పుకోవాలి. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డితో కలిసి చందమామ పెట్టిన చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టిందీ తెనాలే. ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఆ చుట్టుపక్కలవారే. సీరియల్ మీద ఆయన పేరు వేసేవారు కాదు. రేపల్లెలోనో బాపట్లలోనో చదివిన పిల్లలకు బొమ్మలేసిన ‘చిత్రా’ తెలుసు, కథ రాసిన పొరుగూరి మనిషి తెలియదు.

కుటుంబరావు భౌతికశాస్త్రం చదివిన మార్క్సిస్టు, 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) స్థాపకుల్లో ఒకరు. అలాంటి మనిషి చేతిలో బేతాళ కథలు ఏమయ్యాయో చూడండి. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో అవి పాతికే. చందమామలో ఆ పాతికా అయిపోయినా కొత్తవి అల్లుతూనే పోయారు. శవంలోని బేతాళుడు దారిలో కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం చెదిరి శవం మళ్లీ చెట్టెక్కుతుంది, పడ్డ శ్రమంతా వృథా. అయినా ప్రతి నెలా రాజు ధర్మం చెప్పేస్తాడు, మళ్లీ చెట్టు దగ్గరికి నడుస్తాడు. నిష్కామకర్మను ఒక్క శ్లోకమైనా లేకుండా ఇంత తేటగా పిల్లల ముందు పెట్టిన కథ మరొకటి నాకు తెలియదు. రాజు తీర్పులు కూడా ఎవరేం చేశారన్న దగ్గర ఆగవు, ఏ ఉద్దేశంతో చేశారో తరచి చూస్తాయి.

ఇప్పుడు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రాసే మనవాళ్లు ఆయుధానికి అస్త్రమనీ వ్యోమనౌకకి విమానమనీ పేర్లు పెడుతున్నారు. పేరుతో పాటు తత్త్వం రాదు. కథ నడిచే నియమంలో అది ఉండాలి.

అలాంటి నియమం మరొకటి ఉంది. సిద్ధులు, అంటే యోగంతో వచ్చే అద్భుత శక్తులు, సమాధికి అడ్డమని పతంజలి యోగసూత్రాల విభూతిపాదం చెబుతుంది. మన మాంత్రికుల కథలు చాలావాటికి ఇరుసు అదే. చక్రపాణి, నాగిరెడ్డిల విజయా సంస్థ 1951లో తీసిన ‘పాతాళభైరవి’నే తీసుకోండి. బలి ఇవ్వడానికి తోటరాముణ్ణి వెంట తెచ్చుకున్న నేపాళ మాంత్రికుడు, అన్ని విద్యలుండీ ఆ రాముడి చేతిలోనే బలవుతాడు. రాముడికైనా అంతే. కోరికలు తీర్చే దేవి బొమ్మ చేజారగానే మేడా పోతుంది, రాకుమారీ పోతుంది. తిరిగి తెచ్చుకోవడానికి మిగిలింది అతని తెగువ, నేస్తం అంజిగాడి తోడు.