దవా ఒక్కటే చాలదు, మాట ఒక్కటే చాలదు

మా ఉప్పాడ వైపు ఎవరికైనా నిద్ర పోయి, చెవిలో ఏవో గొంతులు వినిపిస్తుంటే ముందు తాయెత్తు కడతారు, ఆ తర్వాత కాకినాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. రెండు నెలలు మాత్రలు వేసుకుని నిద్ర పట్టగానే ఆపేస్తారు. బీమారీ మళ్లీ తిరగబెడుతుంది. ఇక దవా పనిచేయదనీ, లేదా దువా కబూల్ కాలేదనీ అంటారు. అసలు గలతీ వేరే చోట ఉంది.

అబూ జైద్ అల్-బల్ఖీ (850–934) 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' అనే కితాబ్ రాశాడు. ఒంటికీ, నఫ్స్‌కీ రెండింటికీ మేలు చేసే సంగతులని దాని అర్థం. అందులో గమ్ రెండు రకాలన్నాడు. కారణం తెలిసిన గమ్‌కి మాట, ఆలోచన సరిదిద్దుకోవడం ఇలాజ్. కారణం కనబడని గమ్ ఒంట్లోంచి పుడుతుంది కాబట్టి దానికి హకీం కావాలి. వెయ్యేళ్ల కిందటి మాట ఇది!

దవా సంగతి చూడండి. మన హకీములు అస్రోల్ అనే సర్పగంధి వేరును ఎప్పటి నుంచో వాడేవారు. అది పిచ్చికీ, రక్తపోటుకీ పనిచేస్తుందని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1952లో ఆ వేరు నుంచి రిసర్పిన్ తీశారు. అదే ఏడాది పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైంది. అప్పటిదాకా గదుల్లో బంధించిన మరీజులు చాలామంది ఇంటికి వెళ్లగలిగారు.

కానీ ఇంటికి వెళ్లాక? అమృత్‌సర్ ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో ఘర్‌వాలాలను కూడా పిలిపించి, ఆవరణలో డేరాలు వేయించి, మరీజు పక్కనే ఉంచాడు. దవా భయాన్నీ గొంతుల్నీ తగ్గిస్తుంది. అప్పుడే మాట లోపలికి వెళ్తుంది. మాత్ర ఎందుకు మానకూడదో, మొదటి నిషానీ ఎలా పసిగట్టాలో, ఇంట్లోవాళ్లు ఎలా మసలుకోవాలో ఆ మాటే నేర్పుతుంది. మన జామ్‌దానీ మగ్గం మీద ఇద్దరు కూర్చున్నట్టే.

రెండూ లేకపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో చూశాం. దర్గా దగ్గర షిఫా కోసం ఉంచిన మరీజులు, గొలుసులతో కట్టేసి ఉండగా మంటలంటుకుని, 28 మంది చనిపోయారు. తప్పు దువాది కాదు, జంజీరుది. ఆ తర్వాత గుజరాత్‌లో ఉనావా మీరా దాతార్ దర్గాలో 'దవా-దువా' మొదలైంది. ముజావర్లే మరీజుని దర్గాలోని డాక్టరు దగ్గరికి పంపుతారు.

కాబట్టి భాయీ, బెహెన్, దువా చేయండి, దవా ఆపకండి, మాట్లాడండి. ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే సర్కారు టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఇందులో ఇజ్జత్ పోయేదేమీ లేదు.