సుంబుల్, జటామాంసి, తగర: పాతబస్తీ మూలికల పేర్లపై ఒక పరిశీలన

హనీసకల్ కుటుంబం, అంటే వృక్షశాస్త్ర పరిభాషలో కాప్రిఫోలియేసి, ప్రధానంగా చల్లని ప్రాంతాల మొక్కల కుటుంబం. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. మన పెరళ్లలో పెరిగే రాధామనోహరాన్ని ఆంగ్లేయులు ‘చైనా హనీసకల్’ అన్నారు గానీ దానికీ ఈ కుటుంబానికీ సంబంధం లేదు. అయినా హైదరాబాదు పాతబస్తీకి ఈ కుటుంబం కొత్తది కాదు. చార్మినార్ పరిసరాల్లోని పన్సారీ దుకాణాల్లో, అత్తరు అంగళ్లలో అది పూవుగా కాక ఎండిన వేరుగా దొరుకుతుంది. యునానీ హకీములు దాన్ని ‘సుంబుల్-ఉత్-తీబ్’ అంటారు, ఉర్దూ వాడుకలో ‘బాల్‌ఛడ్’, మనకు జటామాంసి. ఈ మూడు పేర్లూ ఒకే వస్తువువే. కానీ ఒకదాని స్థానంలో మరొకదాన్ని యథేచ్ఛగా రాయవచ్చునా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

జటామాంసి హిమాలయాల్లో సుమారు 3000 నుంచి 5000 మీటర్ల ఎత్తున పెరిగే చిన్న మొక్క. మందుకు వాడేది నేలలోని కాండాన్ని. దాని చుట్టూ పాత ఆకుల ఈనెలు గోధుమ రంగు పీచులా అల్లుకుని ఉంటాయి. సంస్కృతం ఆ పీచును జడలుగా చూసింది. అమరకోశంలోని తపస్విని, జటిల, లోమశ అనే పర్యాయాలన్నీ ఆ జడల చుట్టూ తిరిగేవే. బాల్‌ఛడ్‌లోనూ ‘బాల్’ అంటే వెంట్రుకే. అరబ్బీ దృష్టి వేరు. ‘సుంబుల్’ అంటే ధాన్యపు కంకి, ‘తీబ్’ అంటే సుగంధం. కన్యారాశికి అరబ్బీలో ‘సుంబుల’ అనే పేరు రావడానికీ ఆ కంకే కారణం. లాటిన్ వారు కూడా ‘స్పైకా’ అని కంకినే చూశారు.

1595 ప్రాంతంలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా వైద్యశాలను నిర్మించిన నాటి నుంచి, చార్మినార్ చెంత నేటికీ నడుస్తున్న నిజామియా తిబ్బీ కళాశాల దాకా, ఈ నగరంలో యునానీ వైద్యానికి అవిచ్ఛిన్నమైన చరిత్ర ఉంది. ఆ సంప్రదాయంలో సుంబుల్ స్వభావం ఉష్ణం, రూక్షం. 16వ శతాబ్దపు భావప్రకాశంలో మాంసి గుణం శీతం. వేరు ఒకటే అయినా రెండు శాస్త్రాలు దాన్ని ఎదురెదురు దిశల్లో నిలిపాయి. కనుక యునానీ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చేవారు సుంబుల్‌ను జటామాంసి అని రాసి ఊరుకుంటే, చదువరి దానికి ఆయుర్వేద గుణాన్నే అంటగడతాడు. కవిత్వంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఫారసీ, ఉర్దూ గజళ్లలో ప్రేయసి కురులకు ఉపమానమయ్యే ‘సుంబుల్’ ఈ వేరు కానే కాదు, హయసింత్ అనే పూవు. అక్కడ జటామాంసి అని అనువదిస్తే ప్రేయసి తలపై తపస్వి జడలు మొలుస్తాయి!

పండితులూ ఈ పేర్ల దగ్గర తడబడ్డారు. ప్రాచీన గ్రీకులు చెప్పిన ‘నార్డ్’ ఏదో తేల్చడానికి విలియం జోన్స్ 1790లో ‘ఏషియాటిక్ రిసర్చెస్’ రెండో సంపుటంలో వ్యాసం రాశాడు. అరబ్బీ సుంబుల్, సంస్కృత జటామాంసి, గ్రీకు నార్డ్ ఒకటేనన్న ఆయన నిర్ణయం నేటికీ నిలిచింది. భాషాపరంగా ఆయన నెగ్గాడు, మొక్క దగ్గర పొరబడ్డాడు. ఆయన ‘వలేరియానా జటామాంసి’ అని పేరు పెట్టిన మొక్క దాని బంధువైన మరొకటి. సామర్లకోటలో ఏళ్ల తరబడి మన మొక్కలను చిత్రింపజేసి, 1793లో కలకత్తా తోటకు వెళ్లిన రాక్స్‌బర్గ్ కూడా 1795లో అదే పత్రికలో ఈ చర్చలో పాల్గొన్నాడు. అసలు జటామాంసికి 1821లో డేవిడ్ డాన్ వేరే పేరిచ్చాడు. 1830లో డీకండోల్ దాన్ని ‘నార్డోస్టాకిస్’ ప్రజాతిలో చేర్చాడు. ఫలితంగా నేడు ‘వలేరియానా జటామాంసి’ అనే శాస్త్రీయ నామం జటామాంసిది కాదు, తగరది. తగర అన్న మాటైనా నికరమా అంటే అదీ కాదు, ఉత్తరాదిన మన నందివర్ధనాన్ని తగర్ అంటారు. శాస్త్రీయ నామం చూస్తే సందేహం తీరుతుందనే మన నమ్మకం ఇక్కడ పనిచేయదు.

జటామాంసి, తగర రెండూ చాలాకాలం వలేరియనేసి అనే ప్రత్యేక కుటుంబంలో ఉండేవి. జన్యు ఆధారాలను బట్టి 2009 నాటి ఏపీజీ మూడో వర్గీకరణ ఆ కుటుంబాన్ని కాప్రిఫోలియేసిలో కలిపింది. పాతబస్తీ సుంబుల్ హనీసకల్‌కు చుట్టమైంది అప్పుడే. పాత పరిష్కరణలకు పీఠికలు, నిఘంటువులకు సవరణలు రాసేవారు ఈ మార్పును గమనించాలి.

తెలుగు బైబిల్ అనువాదకులు మార్కు సువార్తలోని నార్డ్‌కు జటామాంసి అనే మాట ఎంచుకుని, దాని పక్కనే అరబ్బీ నుంచి వచ్చిన అత్తరును నిలిపారు. నా దృష్టిలో అది సరైన ఎంపిక. అక్కడి ప్రస్తావన వైద్య గుణం గురించి కాదు, పరిమళం గురించి, దాని వెల గురించి. ఆ వెల సామాన్యమైనది కాదు. రెండో శతాబ్దపు ముజిరిస్ పత్రంలో నమోదైన ఒక ఓడ సరుకులో గంగా ప్రాంతపు నార్డ్ 60 పెట్టెలుంది. అంతకు ముందే, మొదటి శతాబ్దంలో ప్లినీ ఈ సరుకులో జరిగే కల్తీని గురించి హెచ్చరించాడు.

కల్తీ నేటికీ ఉంది. అతిగా తవ్వడం వల్ల ఈ మొక్క ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో తీవ్ర ప్రమాదపు శ్రేణికి చేరింది. 1997 నుంచి సైటిస్ రెండో అనుబంధం కింద దీని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది. కొరత ఉన్నచోట దీనికి బదులుగా అంగడికి వచ్చే వేళ్లలో ఒకటి భూతకేశి. పేరులో మళ్లీ జుట్టే. అయితే అది హనీసకల్ కుటుంబానిది కాదు, కొత్తిమీర కుటుంబానిది.