క్రానికల్ ఆఫ్ ఫిలాంత్రపీ

క్రానికల్ ఆఫ్ ఫిలాంత్రపీ అమెరికా రాజధాని వాషింగ్టన్ నుంచి వెలువడే దాతృత్వరంగ పత్రిక. అంటే సేవాసంస్థలను నడిపేవారు, విరాళాలు సేకరించేవారు, నిధులు మంజూరు చేసే ఫౌండేషన్ల సిబ్బంది తమ వృత్తి అవసరాల కోసం చదివే పత్రిక. ఉన్నతవిద్యా వార్తలకు పేరొందిన క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ సంస్థ 1988లో దీనిని పక్షపత్రికగా ప్రారంభించగా, కాలక్రమంలో ఇది మాసపత్రికగా మారి, 2023లో మాతృసంస్థ నుంచి విడివడి తానే లాభాపేక్షలేని సంస్థగా ఏర్పడింది.

దానధర్మాలకు విడిగా ఒక పత్రిక ఎందుకన్న ప్రశ్నకు వాషింగ్టన్‌కు పడమరన, డల్లెస్ విమానాశ్రయం పక్కనున్న షాంటిలీలో సమాధానం దొరుకుతుంది. తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడిన ఈ వర్జీనియా ఊరిలో స్మిత్సోనియన్ వారి జాతీయ వైమానిక, అంతరిక్ష ప్రదర్శనశాల రెండవ ప్రాంగణం 2003 డిసెంబరులో ప్రారంభమైంది. డిస్కవరీ స్పేస్ షటిల్, కాంకార్డ్, హిరోషిమాపై అణుబాంబు వేసిన ఎనోలా గే ఒకేచోట కనిపించే ఈ ప్రాంగణానికి, హంగరీలో పుట్టి బాల్యంలోనే అమెరికాకు వలసవచ్చి, విమానాలను అద్దెకిచ్చే వ్యాపారంలో సంపన్నుడైన స్టీవెన్ ఉద్వార్-హాజీ 1999లో 6.5 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించగా, ఆయన పేరే దీనికి పెట్టారు. ఇటువంటి విరాళం వెనుక దాతతో సంప్రదింపులు, నామకరణపు షరతులు, పన్ను రాయితీలు, ఖర్చుపై పర్యవేక్షణ ఉంటాయి. దినపత్రికలు ఒక్కరోజు వార్తతో సరిపెట్టే ఈ వ్యవహారాలే క్రానికల్‌కు నిత్యవిషయాలు.

అత్యధికంగా విరాళాలు రాబట్టిన 400 సంస్థల పట్టికను 1991 నుంచి, అత్యధికంగా ఇచ్చిన 50 మంది దాతల పట్టికను 2000 నుంచి ఈ పత్రిక రూపొందిస్తూ వచ్చింది. 2016లో ఆ 400 సంస్థల పట్టికలో సేవాసంస్థ యునైటెడ్ వేను వెనక్కి నెట్టి ఫిడెలిటీ చారిటబుల్ అగ్రస్థానానికి చేరింది. ఇది దాత సూచనపై నడిచే నిధులను నిర్వహించే సంస్థ. దాత ఇందులో సొమ్ము జమచేసి పన్ను మినహాయింపును వెంటనే పొంది, ఏ సేవాసంస్థకు ఇవ్వాలో తర్వాత తీరికగా సూచించవచ్చు. సొమ్ము అవసరార్థులకు చేరకముందే మినహాయింపు దాతకు చేరే ఈ పద్ధతి న్యాయంగా పట్టించుకోవలసిన అంశం. అయితే ఇటువంటి పట్టిక పోగైన డబ్బును కొలుస్తుందే తప్ప జరిగిన మేలును కొలవలేదు.

పట్టికలో పేరున్న సంస్థలోనూ లెక్కలు తప్పవచ్చు. షాంటిలీ ఉన్న ఉత్తర వర్జీనియాలోనే, అలెగ్జాండ్రియా కేంద్రంగా పనిచేసిన ఆ యునైటెడ్ వే అధ్యక్షుడు విలియం అరమొనీ నిధుల దుర్వినియోగ ఆరోపణలపై 1992లో రాజీనామా చేసి, 1995లో జైలుశిక్షకు గురయ్యాడు. సేవ పేరు చెప్పినంత మాత్రాన లెక్కలు అడగకూడదన్న మొహమాటం తగదని ఆ ఉదంతం చాటింది.

లెక్కలు చూడటానికి ప్రధాన ఆధారం ఫారం 990, అంటే పన్ను మినహాయింపు పొందిన సంస్థలు ఏటా ఆదాయం, ఖర్చులు, ముఖ్యాధికారుల జీతాలు వెల్లడిస్తూ సమర్పించే నివేదిక. ప్రార్థనా సంస్థలకు దీని నుంచి మినహాయింపు ఉంది. అడిగిన ఎవరికైనా గత మూడేళ్ల నివేదికలు చూపడం సంస్థల చట్టబద్ధ బాధ్యత కనుక, స్వగ్రామాల్లోని బడులకు, ఆసుపత్రులకు అమెరికా సంస్థల ద్వారా విరాళాలు పంపే తెలుగువారు చెక్కు రాసేముందు ఆ నివేదికను అడిగి చదవాలి.