జిగట విరేచనాలు

జిగట విరేచనాలు లేదా రక్త విరేచనాలు అనేది పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడటం వలన కలిగే వ్యాధి. మలంలో రక్తము, జిగురు పడటం దీని ముఖ్య లక్షణం. ఆయుర్వేదంలో దీనిని ప్రవాహిక అంటారు. కలరాలో వచ్చే నీళ్ళ విరేచనాలు వేరు; వాటిలో రక్తం ఉండదు.

ఈ వ్యాధిని ప్రధానంగా రెండు రకాల సూక్ష్మజీవులు కలిగిస్తాయి. ఒకటి షిగెల్లా అనే బాక్టీరియా, రెండవది ఎంటమీబా హిస్టోలిటికా అనే ప్రోటోజోవా. పాఠ్యపుస్తకాలలో ఇవి వేర్వేరు పట్టికలలో కనిపిస్తాయి గాని, రోగి చెప్పే బాధ మాత్రం ఇంచుమించు ఒకటే. ఒకదానికి వాడే మందు రెండవదానిపై పనిచేయదు.

కారకాలు

1897లో జపానులో ఈ వ్యాధి తీవ్రంగా ప్రబలినపుడు కియోషి షిగా అనే శాస్త్రవేత్త బాక్టీరియాను కనుగొన్నాడు. షిగెల్లా అన్న పేరు ఆయన పేరు నుండి వచ్చినదే. పది నుండి వంద బాక్టీరియాలు కడుపులో చేరినా వ్యాధి రావచ్చు. అందుచేత ఒకే ఇంటిలో చేతుల ద్వారానే ఒకరి నుండి మరొకరికి సోకుతుంది.

అమీబాను 1875లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ ఒక రోగి మలంలో గుర్తించాడు. 1903లో షౌడిన్ దానికి పెట్టిన హిస్టోలిటికా అనే పేరుకు కణజాలాన్ని కరిగించేది అని అర్థం. ఇది దళసరి గోడ గల కోశాల రూపంలో నీటి ద్వారా, ఆహారం ద్వారా వ్యాపిస్తుంది. సోకినవారిలో అధికులకు ఏ బాధా ఉండదు, కాని వారి మలంలో కోశాలు వెలువడుతూనే ఉంటాయి.

లక్షణాలు

షిగెల్లా సోకిన ఒకటి నుండి మూడు రోజులలో అధిక జ్వరం, మెలిపెట్టే కడుపునొప్పి, మాటిమాటికి విరేచనానికి వెళ్ళాలనిపించడం మొదలవుతాయి. చిన్నపిల్లలలో మూర్ఛలు కూడా రావచ్చు. అమీబా వ్యాధి నెమ్మదిగా, కొన్ని వారాలలో ముదురుతుంది, జ్వరం తక్కువ. అయితే అమీబా రక్తం ద్వారా కాలేయానికి చేరి చీముగడ్డను కలిగించగలదు. అప్పటికి విరేచనాలు లేకపోవచ్చు కూడా.

నిర్ధారణ, చికిత్స

మలాన్ని ఆలస్యం చేయకుండా సూక్ష్మదర్శినితో పరీక్షించాలి. చల్లారితే అమీబా కదలిక ఆగిపోతుంది. కోశాలు కనబడినంత మాత్రాన రోగకారకం అదేనని చెప్పలేము. హాని చేయని ఎంటమీబా డిస్పార్ కోశాలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. ఎర్ర రక్తకణాలను మింగిన అమీబా కనబడితే అనుమానం తీరినట్లే.

పిల్లలకు రక్త విరేచనాలైతే ముందుగా షిగెల్లాగా భావించి యాంటీబయాటిక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇది సహేతుకమే, ఎందుకంటే పిల్లలలో అమీబా కంటే షిగెల్లాయే ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. మందులకు లొంగని షిగెల్లా రకాలు పెరుగుతున్నందున మందును వైద్యులే నిర్ణయించాలి. అమీబాకు మెట్రోనిడజోల్, ఆ తరువాత పేగులో మిగిలిన కోశాలకు డైలోక్సనైడ్ వాడతారు. రెండవ మందు మానివేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు.

కారకం ఏదైనా ఓ.ఆర్.ఎస్. ద్రావణం ఇవ్వాలి. పొట్లం దొరకనపుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపుతారు. తల్లిపాలు మాన్పరాదు. విరేచనాలను బిగించే బిళ్ళలు ఈ వ్యాధిలో హాని చేస్తాయి, ముఖ్యంగా పిల్లలకు.

నివారణ

మలవిసర్జన తరువాత, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ షిగెల్లాను చంపుతుంది గాని, అమీబా కోశాలను పూర్తిగా చంపలేదు; మరిగిస్తే రెండూ నశిస్తాయి. 1933లో అమెరికాలోని చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగినపుడు, హోటళ్ళ గొట్టాల లోపం వలన మురుగునీరు మంచినీటిలో కలిసి, అక్కడ బస చేసిన అనేకులు అమీబా వ్యాధికి గురయ్యారు. వారిలో చాలామందికి తమ ఊళ్ళకు వెళ్ళిన తరువాతగాని వ్యాధి బయటపడలేదు.