మీర్ మోమిన్ దాయిరా

క్రీ.శ. 1591లో హైదరాబాదు నగర నిర్మాణానికి పూనుకొన్నప్పుడు, నాలుగు రాజవీధుల కూడలిలో చార్మినారును నిలిపి దాని చుట్టూ పురవిన్యాసాన్ని రూపొందించిన మేధావి మీర్ మహమ్మద్ మోమిన్ అస్తరాబాదీ. సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరు తెలుగు పిల్లలందరికీ పరిచితమే. ఆయన పేష్వా పేరు మాత్రం పెద్దలలో సైతం ఎరిగినవారు తక్కువ. బ్రతికున్నవారికి వీధులు ఏర్పరచిన ఆ మంత్రివర్యుడే మరణించినవారికీ ఒక చోటు ఏర్పరచాడు. పాతబస్తీలో ఇళ్ల నడుమ నేటికీ నిలిచిన ఆ షియా శ్మశానవాటికయే మీర్ మోమిన్ దాయిరా. దాయిరా అనగా వలయం.

మీర్ మోమిన్ జన్మస్థలం ఇరాన్‌లోని అస్తరాబాదు. ఇప్పుడు దానిని గుర్గాన్ అంటున్నారు. సఫావీ చక్రవర్తి తహమాస్ప్ కుమారుడైన హైదర్ మీర్జాకు ఆయన గురువు. 1576లో చక్రవర్తి మరణించగా, సింహాసనం కోసం జరిగిన కలహంలో శిష్యుడు హతుడయ్యాడు. గురువు స్వదేశం విడిచి 1581 ప్రాంతంలో గోల్కొండ చేరాడు. కొద్ది సంవత్సరాలలోనే పేష్వా పదవి లభించింది. ఇద్దరు సుల్తానుల కొలువులో, మరణపర్యంతం ఆ గౌరవం చెక్కుచెదరలేదు. ఆయన పారశీకంలో కవిత్వం చెప్పాడు. తూనికలు, కొలతలపై ఒక గ్రంథమే వ్రాశాడు. నగరానికి కొలతలు నిర్ణయించినవానికి అది తగిన విషయమే!

ఆ స్థలానికి నగరంకన్న ముందే పవిత్రత ఉన్నదని జనశ్రుతి. నజఫ్ నుండి వచ్చిన షా చిరాగ్ అనే సాధువు అక్కడ నివసించి అక్కడే సమాధి పొందాడనీ, ఆ సామీప్యాన్ని కోరియే మీర్ మోమిన్ ఆ నేలను ఎంచుకొన్నాడనీ చెప్తారు. అంతేకాదు, కర్బలా నుండి మట్టిని తెప్పించి ఆ నేలలో కలిపించాడని కూడా ప్రతీతి. కర్బలా అనగా క్రీ.శ. 680లో ప్రవక్త మనుమడు హుసేను అనుచరులతో సహా దప్పికతో పోరాడి నేలకొరిగిన చోటు. ఆ విషాదాన్నే తెలుగు పల్లెలు పీర్ల పండుగగా స్మరిస్తాయి. హిందువులు సైతం పీర్లను ఎత్తుకొని నిప్పులగుండం చుట్టూ తిరగడం అనేక గ్రామాలలో ఆచారం.

కర్బలా మట్టిని తెప్పించిన కథలోని ఆర్తి గ్రహింపదగినది. ఆనాడు గోల్కొండకు ఇరాన్ నుండి పండితులు, సైనికులు, వర్తకులు ఎందరో వచ్చేవారు. వారిలో తిరిగి వెళ్లలేకపోయినవారికి ఈ దేశంలో తాతముత్తాతల సమాధులు లేవు. తమ ఇమాము రక్తం చిందిన మట్టిలో విశ్రమించాలనే కోరిక ప్రతి షియా హృదయంలోనూ ఉంటుంది. అంత దూరం ప్రయాణం అందరికీ సాధ్యమా? మనిషి అక్కడికి పోలేనప్పుడు మట్టియే ఇక్కడికి వచ్చింది. 1625లో మీర్ మోమిన్ కూడా అక్కడే శాశ్వత నిద్ర పొందాడు.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. కుతుబ్ షాహీల ఆదరణ అంతరించినా, దాయిరాకు శవవాహకులు రావడం ఆగలేదు. అసఫ్‌జాహీల కాలంలో ప్రధానమంత్రియై పాలనను సంస్కరించిన మొదటి సాలార్‌జంగు 1883లో మరణించి అక్కడే ఖననమయ్యాడు. అవివాహితుడైన మూడవ సాలార్‌జంగు 1949లో ఆ వంశీయుల చెంతకే చేరాడు. ఆయన జీవితమంతా సేకరించిన కళాఖండాలతో 1951లో మ్యూజియం వెలసింది. అక్కడి గడియారం గంట కొట్టే వేళకు గుమిగూడే యాత్రికులలో, దానిని కూర్చినవాని సమాధి అదే ఊరిలో ఉన్నదని ఎరిగినవారు ఎందరో!