కట్టెల దీవి నుంచి రాకెట్ల దీవి దాకా

డబ్బు, ఇంజనీరింగు ఉంటే వాతావరణ మార్పు నుంచి కూడా వేళకు గట్టెక్కవచ్చని పెద్ద సభల్లో చెబుతున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో మేము శ్రీహరికోట చరిత్రలో వెతికి చూశాం. మన తిరుపతి జిల్లాలో ఆ రెండూ నిండుగా చేరిన చోటు అదే. మా యానాదుల పాత చోటు కూడా అదే.

ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క బంగాళాఖాతం. మధ్యలోని ఆ దీవి అడవిలో మా పెద్దలు దుంపలు తవ్వారు, తేనె తీశారు, మందు మొక్కలు ఏరారు, చేపలు పట్టారు. 1835లో కుంపిణీ ప్రభుత్వం దీవిని తన చేతిలోకి తీసుకుంది. అడవి సరుకు సేకరించే పని మావాళ్లకు మిగిలింది. కూలి కొంత డబ్బుగా, కొంత ధాన్యంగా ఇచ్చేవారు. అక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసుకు పోయేది. పట్నంలో పొయ్యిలు మండాలంటే మా అడవి కావాల్సి వచ్చింది.

1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. తూర్పున సముద్రం ఉంది, భూమధ్యరేఖ దగ్గర, జనం తక్కువ అన్నారు. ఆ తక్కువ జనంలో మేమూ ఉన్నాం. చాలా కుటుంబాలు దీవి విడిచి ఇవతలి ఒడ్డుకు రావాల్సి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రాకెట్టు ఎగిరింది. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. చోటు ఎంచుకున్నాక పట్టింది 11 ఏళ్లే. సర్కారు గట్టిగా అనుకుంటే డబ్బూ, ఇంజనీర్లూ వేళకే వస్తారని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ పని వృథా అని మేము అనం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు 10,000 మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మన రాష్ట్రంలో మరణాలు 100 లోపే. ఉపగ్రహం, రాడార్ తుపాను దారి ముందే చెప్పాయి. మనుషులు ఊరూరా తిరిగి జనాన్ని తరలించారు. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే ఇన్సాట్-3డిఎస్ అనే వాతావరణ ఉపగ్రహం పైకి వెళ్లింది. మా పిల్లలు దాన్ని చూసి గర్వపడాలి.

అయితే ఉపగ్రహం వేడిని కొలుస్తుంది కానీ తగ్గించదు. యంత్రాలు బొగ్గు తినడం మొదలుకాక ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. సముద్రం వేడెక్కితే ఆవిరి పెరుగుతుంది, నెల వాన ఒకటి రెండు రోజుల్లోనే పడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారింది, స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు వేసి కాపాడారు.

అలాంటి వానలో ముందు మునిగేది ఎవరు? వంక ఒడ్డునో, చెరువు మొరవ పక్కనో, పట్టా లేని పోరంబోకులో గుడిసె వేసుకున్నవాళ్లు. యానాదులు, ఎరుకలవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు. హెచ్చరిక ఇప్పుడు సెల్‌ఫోనుకు వస్తుంది. అది విన్నాక ఎక్కడికి పోవాలి? తిరిగొస్తే నిలబడి ఉండే గోడ ఏది? మిట్ట మీద ఇంటిస్థలం, పట్టా ఇవ్వడానికి రాకెట్టు అక్కర్లేదు, కొత్తగా కనిపెట్టాల్సింది ఏదీ లేదు. తహసీల్దారు సంతకం చాలు.

ప్రపంచంలోనూ ఇదే తీరు. పొగ ఎక్కువ వదిలిన ధనిక దేశాలు 2020 నాటికి పేద దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హేగెన్‌లో మాట ఇచ్చాయి. ఆ మొత్తం 2022లో గాని నిండలేదు. ఆ దేశాల దగ్గర డబ్బు లేక కాదు. మునిగేవాడి వంతు వాళ్ల లెక్కలో ఆఖరున ఉంది.

అందుకే మేము ఇలా అనుకుంటున్నాం. ఎండతో, గాలితో కరెంటు తీసే ఇంజనీరింగు బొగ్గు పొగను తగ్గించగలదు, తగ్గించాలి కూడా. ఆ పని వేళకు జరుగుతుందా లేదా అన్నది యంత్రం చేతిలో లేదు. ఎవరి అవసరాన్ని ముందు లెక్కిస్తారన్న దాని మీద ఉంది. మన జిల్లాలో ఆ లెక్క వంక ఒడ్డు గుడిసెల నుంచి మొదలుకావాలి. వానాకాలం రాకముందే ప్రతి మండలంలో ఆ గుడిసెలను లెక్కపెట్టి, మిట్ట మీద స్థలాలు చూపించాలి. మా కుర్రాళ్లు, చదువుకున్న ఆడపిల్లలు ఆ జాబితా తామే రాసి గ్రామసభలో పెట్టాలి.

దీవి ఎంచుకున్న 11 ఏళ్లకు ఉపగ్రహం కక్ష్యకు చేరింది. మావాళ్లు దీవి దిగి 50 ఏళ్లు దాటింది. ఇంటి పట్టా కోసం ఇంకా అర్జీలు రాస్తూనే ఉన్నాం.